ఒకే పాట, రెండు రికార్డులు

గాయకుడు ఒక్కసారే పాడిన పాట ఎన్ని రికార్డులలో ఉన్నా ఒకే విధంగా వినిపించాలి కదా అని ఎవరైనా అనుకుంటారు. కాని అలా వినిపించదు. ఒక రికార్డులో తంబురా శ్రుతి గాయకుని వెనుక పలుచని తెరవలె పరచుకొని ఉంటుంది. మరొకదానిలో ఆ శ్రుతిని వెదుక్కోవలసి వస్తుంది. ఒకదానిలో మృదంగం తొప్పి గుమ్మని పలుకుతుంది. రెండవదానిలో అట్టపెట్టెమీద కొట్టినట్లు ఉంటుంది. పాట మారలేదు. పాటకూ శ్రోతకూ మధ్య పనిచేసిన చేతులు మారాయి.

ఈ చేతులలో మొదటిది, అందరికంటె తక్కువగా కనిపించేది, మాస్టరింగ్ చేసే ఇంజనీరుది. స్టూడియోలో టేపుమీదికి ఎక్కిన ధ్వనిని రికార్డు గాడిలో ఇమిడేటట్లు, ఏ స్వరమూ మరొక స్వరాన్ని మింగకుండా, సరిచూచి దించడం ఇతని పని. గ్రంథానికి అనువాదకుడు ఎటువంటివాడో పాటకు ఇతడు అటువంటివాడు. పని బాగా చేస్తే ఇతడున్నట్లే తెలియదు. చెడగొడితే మూలకర్తకు చెడ్డపేరు. రికార్డు అట్టమీద గాయకుని పేరు, వాద్యకారుల పేర్లు, ఒక్కొక్కప్పుడు ఛాయాచిత్రం తీసినవారి పేరు సైతం ఉంటాయి. మన దేశపు పాత రికార్డులలో ఇతని పేరు వెదకడం దండుగ.

ధ్వని నాణ్యతను గురించిన చర్చ అనగానే లండన్, న్యూయార్క్ స్మరణకు వస్తాయి. తెలుగు శ్రోతకు అంత దూరం వెళ్ళవలసిన అవసరం లేదు. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ చాలు. ఆ ఊరికి ఒక ప్రక్క లక్క పుట్టిన అడవులు, మరొక ప్రక్క ఆ లక్కతో రికార్డులు పోతపోసిన కార్ఖానా, నడుమ వాటిని విన్న తెలుగువారు. ఇటువంటి కలయిక మరొకచోట దొరకడం కష్టం.

ఖరగ్‌పూర్ బెంగాల్ నాగపూర్ రైల్వే కట్టిన ఊరు. తూర్పు తీరపు రైలుమార్గంలో కటకం నుండి వాల్తేరు వరకుగల భాగం 1902లో ఆ రైల్వే చేతికి వచ్చింది. దానితో ఉత్తరాంధ్ర పల్లెలవారికి వర్క్‌షాపు ఉద్యోగాల దారి తెరచుకొన్నది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వచ్చి స్థిరపడిన కుటుంబాల తెలుగు గోల్ బజార్‌లోనూ, మథురాకాటి, నింపుర కాలనీలలోనూ నేటికీ వినబడుతుంది. 1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వే క్రింద 2003 వరకు ఖరగ్‌పూర్, వాల్తేరు డివిజన్లు రెండూ ఉండేవి. బదిలీలు, సెలవు ప్రయాణాలు, పెళ్ళి సంబంధాలు అన్నీ ఆ పట్టాల వెంటనే నడిచాయి. ఆ ఊరి ప్లాట్‌ఫారం పొడవు 1,072 మీటర్లకు పైన. ప్రపంచంలోకెల్లా పొడవైనదని చాలాకాలం బడిపిల్లలు వల్లించారు. ఆ కీర్తి 2013లో గోరఖ్‌పూర్‌కూ, 2023లో హుబ్బళ్ళికీ పోయింది.

ఇక లక్క. పురూలియా జిల్లాలోని బలరాంపూర్, ఝాల్దా లక్క వ్యాపారానికి పేరుపొందిన ఊళ్ళు. మోదుగ, రేగు మొదలైన చెట్ల కొమ్మలపై చిన్న పురుగులు కూడబెట్టే జిగురును కరగించి, వడగట్టి, పలుచని రేకులుగా చేస్తారు. నిమిషానికి 78 చుట్లు తిరిగే నల్లని రికార్డుకు బంధనం ఇదే. అయితే రికార్డు మొత్తం లక్క కాదు. ఎక్కువ భాగం రాతిపొడి. దానికి నలుపునిచ్చే మసి, కొంత దూది నూగు కలుస్తాయి. పాత రికార్డులో నిరంతరం వినబడే ఆ జల్లెడ చప్పుడు ఈ రాతిపొడి చలవే. ముల్లును అరగదీసేదీ అదే. అందుకే ఉక్కుముల్లును రికార్డుకు ప్రక్క మార్చినప్పుడల్లా మార్చమని కంపెనీవారు పదే పదే హెచ్చరించేవారు. పొదుపరి గృహస్థులు ఆ హెచ్చరికను లెక్కచేయలేదనడానికి బూడిదరంగుకు తిరిగిన వేలాది గాడులే సాక్ష్యం.

1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ గొంతును రికార్డు చేసినప్పుడు మన దేశంలో అచ్చువేసే కార్ఖానా లేదు. ఆ మైనపు ఫలకాలు జర్మనీలోని హానోవర్‌కు ఓడలో వెళ్ళి, రికార్డులై తిరిగివచ్చాయి. పాట చివర గాయని తన పేరును తానే ఇంగ్లీషులో ప్రకటించడం ఆ రికార్డులలో వినవచ్చు. ఇది ఆడంబరం కాదు. భాష తెలియని పరదేశపు కార్మికునికి ఏ ఫలకం ఎవరిదో తెలియాలి గదా! 1908లో కలకత్తాలోని సియాల్దా ప్రాంతంలో కార్ఖానా వెలసింది. 1928లో అది డమ్‌డమ్‌కు మారింది. ఆ తరువాత చాలాకాలంపాటు మద్రాసులో పాడిన తెలుగుపాట సైతం డమ్‌డమ్‌లో అచ్చయి, తిరిగి దక్షిణాదికి రావలసివచ్చేది. హౌరా నుండి దక్షిణానికి వచ్చే ఆ రైలుమార్గం ఖరగ్‌పూర్ మీదుగానే ఉన్నది.

ఒక ఎల్.పి. రికార్డు ఎట్లా తయారవుతుందో తెలిస్తే, మంచి ప్రతిని గుర్తించే ఉపాయం సగం తెలిసినట్లే. అల్యూమినియం పలకకు లక్కవంటి మెత్తని పూత పూసి, దానిమీద కెంపుతో చేసిన ఉలితో గాడి కోస్తారు. ఆ పలకకు విద్యుత్తు సాయంతో లోహపు తొడుగు ఎక్కించి ఊడదీస్తే, గాడి ఉన్నచోట గట్టు ఉన్న మొదటి అచ్చు వస్తుంది. దానినుండి మరల గాడిగల రెండవ అచ్చు తీస్తారు. పరిశ్రమవారు దీనికి తల్లి అని పేరు పెట్టుకొన్నారు. తల్లినుండి పుట్టిన మూడవ తరం అచ్చులను యంత్రానికి బిగించి, వేడి వినైల్‌ను వాటి మధ్య నొక్కుతారు. ఒక్కొక్క అచ్చు వందల సంఖ్యలో రికార్డులను నొక్కేసరికి అరిగిపోతుంది. అరిగిన అచ్చునుండి వచ్చిన రికార్డు కొత్తదే, తళతళలాడుతూనే ఉంటుంది. దాని గాడిలోని సన్నని వంపులు మాత్రం పుట్టుకతోనే మొద్దుబారి ఉంటాయి.

అందుచేత అనుభవజ్ఞుడు అట్టను తరువాత చూస్తాడు. ముందు రికార్డును వెలుతురుకు ఏటవాలుగా పట్టి, పాటగాడులు ముగిసి లేబులు మొదలయ్యే లోపల ఉన్న నున్నని వలయాన్ని పరిశీలిస్తాడు. అక్కడ చేతితో గీసినవో, పోటుతో కొట్టినవో కొన్ని అక్షరాలు, అంకెలు ఉంటాయి. అవి ఆ రికార్డు జాతకం. చివరి అంకె 1 అయితే మొట్టమొదటి కోత అని సాధారణంగా గ్రహించవచ్చు. 3, 4 అయితే మునుపటి కోత చెడిపోవడమో, నచ్చకపోవడమో జరిగి మరల కోశారన్నమాట. ఇంగ్లండులోని హేస్ కార్ఖానాలో ఇ.ఎం.ఐ. సంస్థవారు అచ్చుల వరుససంఖ్యను అంకెలతో గాక తమ పేరులోని పది అక్షరాలతో వేసేవారు. జి, ఆర్, ఏ, ఎమ్, ఓ, పి, హెచ్, ఎల్, టి, డి అనేవి వరుసగా 1 నుండి 9 వరకు, ఆపైన సున్న. వలయంలో ఒంటరిగా జి కనబడితే అది మొదటి అచ్చు సంతానం. జి, డి ప్రక్కప్రక్కన ఉంటే పదవది. కొంత వినోదం, కొంత వ్యసనం ఈ వేటలో లేకపోలేదు. తొలి కోత ఎల్లప్పుడూ శ్రేష్ఠమని చెప్పడానికి వీలులేదు. తొలి ముద్రణలోనే అచ్చుతప్పులు ఎక్కువ ఉన్న పుస్తకాలు ఎన్ని లేవు!

గాడిని గురించి మరొక సంగతి ఉన్నది. కర్ణాటక సంగీత శ్రోతలు దీనిని ముఖ్యంగా గమనించాలి. ఎల్.పి. నిమిషానికి ముప్పదిమూడుంబావు చుట్లకు రవ్వంత ఎక్కువగా, ఎల్లప్పుడూ ఒకే లెక్కన తిరుగుతుంది. కాని వెలుపలి అంచున ముల్లు క్రింద గాడి సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల వేగంతో పరుగెత్తితే, లోపలి అంచున ఆ వేగం 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. అంటే అంతే ధ్వనిని సగంకంటె తక్కువ చోటులో క్రుక్కవలసి ఉంటుంది. పల్లవి ప్రశాంతంగా ఎత్తుకొన్నప్పుడు విశాలమైన గాడి. కల్పనాస్వరాలు ఉధృతమై, వయొలిన్, మృదంగం పోటీపడే ఘట్టంలో ఇరుకైన గాడి! కచేరీ కట్టుబాటుకూ, రికార్డు కట్టుబాటుకూ ఇదొక పుట్టు వైరం. మంచి ఇంజనీరు ఒక్కొక్క ప్రక్క ఇరువది నిమిషాలు దాటకుండా చూచి, చివర కొంత ఖాళీ వదలి, ఈ వైరాన్ని కొంతవరకు చల్లారుస్తాడు. లాభాపేక్షతో ప్రక్కకు ముప్పది నిమిషాలు కుదించిన రికార్డులో గాడులు ఒకదానినొకటి ఒరుసుకొని, ధ్వనిమట్టం తగ్గి, గరగర పైకి తేలుతుంది. పాత రికార్డు కొనేటప్పుడు ప్రక్క చివరనే వినిచూడాలి. అక్కడ బాగుంటే అంతటా బాగుంటుంది.

చివరలో ఏమి వినాలి? తెలుగు గాయకుడు పలికే స, శ, ష లు మొదటి పరీక్ష. అరిగిన గాడిలోనూ, అజాగ్రత్తగా కోసిన గాడిలోనూ ఈ మూడక్షరాలు ఉమ్మినట్లు చీదుతాయి. సాహిత్యం స్పష్టంగా ఉండి, ష కూ శ కూ గల తేడా తెలిస్తే ముల్లూ మంచిది, గాడీ మంచిది. రెండవది తంబురా. మూడవది పాట ఆగినప్పటి నిశ్శబ్దం. గాయకుడు ఊపిరి తీసుకొనే ఆ లిప్తలో గది ఉన్నట్లు అనిపించాలి. ఆ గదిని చెరిపివేసిన రికార్డు ఎంత శుభ్రంగా ఉన్నా శవాలంకారమే.

బరువైన రికార్డు మంచిదనీ, విదేశంలో అచ్చయినది తప్పక మేలైనదనీ రెండు నమ్మకాలు ప్రచారంలో ఉన్నాయి. మందానికీ మాస్టరింగ్‌కూ సంబంధం లేదు. ఇక రెండవది. మన దేశంలో రికార్డు చేసిన సంగీతానికి అసలు టేపు ఇక్కడ ఉంటుంది. విదేశానికి పోయేది సాధారణంగా దాని నకలు. టేపు నకలు తీసినకొద్దీ బుసబుస పెరుగుతుంది. కనుక డమ్‌డమ్ ప్రతి ఉపరితలం కొంత గరుకుగా ఉన్నా, దానిలోని పాట మూలానికి ఒక మెట్టు దగ్గరగా ఉండవచ్చు. పాశ్చాత్య సంగీతం విషయంలో ఇదే తర్కం తలక్రిందులవుతుంది.

కలకత్తాలోని ఫ్రీ స్కూల్ స్ట్రీట్ పాత రికార్డులకు పేరుమోసిన వీధి. ఖరగ్‌పూర్ నుండి లోకల్ రైలులో హౌరాకు దూరం 115 కిలోమీటర్లు. ఉదయం బయలుదేరి, వేళ్ళకు మసి అంటేదాకా వెదకి, చీకటి పడేలోగా ఇల్లు చేరవచ్చు. దానికి ముందు ఏమి వెదకాలో తెలిసి ఉండాలి. శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియా, బ్రిజ్‌భూషణ్ కాబ్రా కలిసి వాయించిన 1967 నాటి ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’ స్టీరియో ప్రతిలో సంతూరు, వేణువు, గిటారు మూడూ మూడు తావులలో కూర్చున్నట్లు వినబడతాయి. హెచ్.ఎం.వి.వారి సంఖ్యలలో ఇ.సి.ఎస్.డి. అని మొదలయ్యేది స్టీరియో, ఇ.సి.ఎల్.పి. అని మొదలయ్యేది మోనో. మోనోను చిన్నచూపు చూడనక్కరలేదు. ఒకే గొంతు, ఒకే వీణ అయినప్పుడు మోనోలో లోపమేమీ తెలియదు. విడువవలసినది మూడవ రకం: మోనో ధ్వనిని యంత్రంతో రెండుగా చీల్చి స్టీరియో అని ముద్రవేసినది. దానిలో గాయకునికి రెండు నీడలుంటాయి, మనిషి ఉండడు.

తెలుగు ఇళ్ళలో ఎక్కువగా మిగిలినవి వేరు. ఎం. ఎస్. సుబ్బులక్ష్మి 1963 నాటి వేంకటేశ్వర సుప్రభాతం, 1980 ప్రాంతంలో తిరుమల తిరుపతి దేవస్థానాల పూనికతో వెలువడిన అయిదు రికార్డుల బాలాజీ పంచరత్నమాల, 1974 ఫిబ్రవరిలో ఘంటసాల కన్నుమూసిన తరువాత విడుదలైన భగవద్గీత. ఇవి లక్షల చెవులు విన్నవి కనుకనే నున్నని ప్రతి దొరకడం అరుదు. సుప్రభాతం రోజూ తెల్లవారుజామున మ్రోగినది. గాడి అరిగిందంటే భక్తి లోపం కాదు, భక్తి ఎక్కువే. కాని చెవిని నమ్ముకొనేవాడు అరగని ప్రతికోసం ఓపిక పట్టాలి, లేదా పాత గాడినుండి గాక అసలు టేపునుండి తీసిన సి.డి.కి ప్రాధాన్యమివ్వాలి.

సి.డి. 1982లో వచ్చింది. గరగర లేదు, అరుగుదల లేదు. సన్నని ధ్వనికీ పెద్ద ధ్వనికీ మధ్య 96 డెసిబెల్‌ల అంతరాన్ని అది భరించగలదు. ఇంత విశాలమైన ఇల్లు దొరికిన తరువాత 1990లలో పరిశ్రమ చేసిన పని, సామానంతా అటకమీదనే పేర్చడం. ప్రక్కవాని పాటకంటె తన పాట బిగ్గరగా వినబడాలన్న పోటీలో మెల్లని స్వరాలను పైకిలేపి, పెద్ద స్వరాల తలలు కత్తిరించి, అంతా ఒకే మట్టానికి తెచ్చారు. 2008లో మెటాలికా బృందం ‘డెత్ మాగ్నెటిక్’ వెలువడినప్పుడు ఆ బృందాన్ని అభిమానించేవారే ఈ అతిని భరించలేక గోల చేశారు. మన దేశంలో దీనికి మరొక రూపం ఉన్నది. పాత సినిమా పాటకు యంత్రపు దరువు అంటించి, ఝంకార్ అని పేరుపెట్టి క్యాసెట్లు అమ్మారు. మాస్టరింగ్ అనే మాటను దానికి వాడకుండా ఉండడమే మర్యాద.

బిగ్గరతనానికి చెవి లొంగిపోవడానికి కారణం ఉన్నది. రెండు ప్రతులను ప్రక్కప్రక్కన వినిపించినప్పుడు, ఏ కొంచెం బిగ్గరగా ఉన్నదో అదే స్పష్టమైనదని మనిషి చెవి తీర్పు చెబుతుంది. కనుక పోల్చేముందు రెండింటి ధ్వనిమట్టాలను సమానంగా త్రిప్పాలి. సమానం చేయగానే తీర్పు తరచుగా తారుమారవుతుంది. నేటి ఫోనులో ఒకే పాట నాలుగైదు సంవత్సరాల పేర్లతో కనబడుతుంది. అవన్నీ ఒకటి కావు. మరల మాస్టరింగ్ చేసినదని వ్రాసి ఉన్నంతమాత్రాన మేలైనదీ కాదు. గరగరను తుడిచే యంత్రం అతిగా తుడిస్తే, గరగరతోపాటు తంబురా పైస్వరాలూ పోతాయి. గాయకుడు దిండులో ముఖం పెట్టి పాడినట్లుంటుంది. కొంచెం గరగర మిగిల్చినవానిదే మంచి చెవి.

కొత్త రికార్డింగులు కోరేవారికి రెండు పేర్లు చాలు. 1931లో ఇ.ఎం.ఐ. ఇంజనీరు అలన్ బ్లమ్లైన్ రెండు మైకులతో స్టీరియో గ్రహించే పద్ధతికి పేటెంటు కోరాడు. ఆ పద్ధతినే నమ్ముకొని 1992లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో, ఒక ప్రార్థనామందిరంలో, విశ్వమోహన్ భట్, రై కూడర్‌ల వాదనను వాటర్ లిలీ సంస్థ టేపుకు ఎక్కించింది. మరుసటి సంవత్సరం ‘ఎ మీటింగ్ బై ది రివర్’ అన్న పేరుతో వెలువడి, 1994లో గ్రామీ అందుకొన్నది. ఆ మందిరపు కప్పు ఎత్తు ఎంతో వినేవానికి ఊహకు అందుతుంది. రెండవది మన పాలకొల్లు బిడ్డ ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్. పీటర్ గేబ్రియల్ స్థాపించిన రియల్ వరల్డ్ సంస్థ 1994లో ‘రామ శ్రీరామ’ను విడుదల చేసింది. గమకం తీగెమీద జారే చప్పుడు సైతం వినబడే ఆ సి.డి.ని, 2014లో నలభైఅయిదేళ్ళకే వెళ్ళిపోయిన ఆ కళాకారుని వ్రేళ్ళను ఎరిగినవారు దాచుకొనదగును.

ఇంతకూ ఖరగ్‌పూర్‌లో ఈ విషయం తొందరపెట్టేది ఎందుకంటే, రైల్వే క్వార్టరు ఎవరిదీ కాదు. పదవీ విరమణ తరువాత ఖాళీ చేయవలసిందే. ముప్పై, నలభై ఏళ్ళ సంసారం లారీకి ఎక్కేరోజున, పరుపులూ బీరువాలూ పోగా రికార్డులకు చోటుండదు. పాత సామాన్లవాడు వాటిని తూకానికి అడుగుతాడు. ఎల్.పి.లు పోయినా ఎక్కడో టేపు ఉండవచ్చునన్న ఆశ ఉన్నది. 78లకు ఆ ఆశ అన్నివేళలా లేదు. ఎన్నింటికో మూల లోహఫలకాలు ఏనాడో కరగిపోయాయి. కంపెనీలు సైతం అటువంటి పాటలను మరల వెలువరించాలంటే ఎవరో ఒకరి ఇంటిలో అరగక మిగిలిన ప్రతినే అరువడుగుతున్నాయి. రెండు ప్రతులుండి, ఒకటే తీసుకొనిపోగలిగితే, ఏది నిలుపుకొనాలో తేల్చే తీర్పు ఆ ఇంటివారిదే.

ఆ తీర్పుకు కావలసిన సాధనాలు పెద్దవి కావు. 78ని ఎల్.పి. ముల్లుతో వినరాదు. ఎల్.పి. ముల్లు మొన వెయ్యింట ఒక అంగుళం లోపు; 78కి దాని మూడింతలు కావాలి. సన్నని ముల్లు గాడి అడుగున పడి దొర్లి గరగర తప్ప మరేమీ వినిపించదు, మంచి ప్రతి చెడ్డదనిపిస్తుంది. మోనో రికార్డును స్టీరియో యంత్రంమీద వింటున్నప్పుడు రెండు వైపులనూ కలిపితే సగం చప్పుడు అణగిపోతుంది. వేగం 78 అని పేరేగాని, పాతకాలపు రికార్డులు ఒక్కొక్కటి ఒక్కొక్క వేగానికి కోసినవి. గాయకుని శ్రుతి తెలిసినవారు దాన్నిబట్టి సరిచేసుకోవాలి. ఎర్రమట్టి ఊరి దుమ్మును వదలించడానికి 78కి స్పిరిట్ మాత్రం తగలనీయరాదు. లక్క సారాయిలో కరుగుతుంది, దానితోపాటు పాటా కరుగుతుంది. శుద్ధజలంలో ఒక చుక్క మెత్తని సబ్బు వేసి, లేబులు తడవకుండా, గాడి వెంట గుండ్రంగా తుడిచి ఆరబెట్టాలి. లారీలో ఒకదానిమీద ఒకటి పేర్చక, పుస్తకాలవలె నిలువుగా, కదలకుండా సర్దాలి. కట్టేముందు నున్నని వలయంలోని అంకెలను ఒక కాగితంమీద ఎక్కించుకొంటే మంచిది. లేబులుమీది పేరు వానకాలపు చెమ్మకు చెరిగిపోయినా, ఆ అంకెలనుబట్టి పాట ఏదో, పాడినదెవరో పట్టుకోవచ్చు.